ఇంటి లినక్స్ కంప్యూటర్ నుంచి మెయిల్ పంపే సులువైన పద్ధతి

ఇంటి లినక్స్ కంప్యూటర్‌లోని క్రాన్ పనులు (నిర్ణీత సమయాల్లో వాటంతట అవే నడిచేవి), బ్యాకప్ స్క్రిప్టులు పంపే మెయిళ్లు బయటి చిరునామాకు చేరడానికి పూర్తి స్థాయి మెయిల్ సర్వరును నడపనవసరం లేదు. ఇంటి కనెక్షన్లలో మెయిల్ సర్వర్లు ఒకదానికొకటి మెయిళ్లు అందించుకునే 25వ పోర్టును ఇంటర్నెట్ సంస్థలు తరచుగా మూసి ఉంచుతాయి. అది తెరిచి ఉన్నా, మారుతూ ఉండే ఐపీ చిరునామా నుంచి నేరుగా వచ్చిన మెయిలును చాలా సర్వర్లు తిరస్కరిస్తాయి. అందువల్ల డెబియన్‌లో గానీ ఉబుంటులో గానీ ఎమ్‌ఎస్‌ఎమ్‌టీపీ (msmtp) అనే చిన్న మెయిల్ పంపే ప్రోగ్రామును, దానితో పాటు దాని ఎమ్‌టీఏ ప్యాకేజీని (msmtp-mta) కూడా ఇన్‌స్టాల్ చేసుకుని (మెయిల్ పంపడానికి సెండ్‌మెయిల్ అనే ఆదేశాన్ని పిలిచే ప్రోగ్రాములు యథాతథంగా పనిచేసేది ఈ రెండో ప్యాకేజీ వల్లనే), మీ జీమెయిల్ ఖాతా ద్వారా 587వ పోర్టులో టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్‌తో పంపడం ఉత్తమం. ఇందుకు మీ అసలు పాస్‌వర్డు పనికిరాదు. రెండంచెల ధ్రువీకరణను ప్రారంభించిన తర్వాత గూగుల్ ఇచ్చే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డును వాడాలి. దానిని రాసిన ఎమ్‌ఎస్‌ఎమ్‌టీపీ సెట్టింగుల ఫైలుకు మీరు తప్ప మరెవరూ చదవలేని విధంగా 600 అనుమతులు తప్పక ఇవ్వండి.