సీరియల్ సెట్‌లో బల్బు మాడిపోతే: విదేశానికి కొత్తగా వచ్చినవారికి సూచనలు

అద్దెకు దిగిన ఇంట్లో బాల్కనీ కమ్మీలకో, పెరటి కంచెకో అంతకుముందు ఉన్నవాళ్లు వదిలేసిన సీరియల్ లైట్లు తరచుగా కనిపిస్తాయి. ప్లగ్ పెడితే సగం వెలుగుతాయి, సగం వెలగవు. చాలామంది మాడిన బల్బు ఒకటి పీకి జేబులో వేసుకుని, షాపులో దానిలాగే కనిపించే ప్యాకెట్ ఒకటి పట్టుకొచ్చేస్తారు. తేడా కొట్టేది ఇక్కడే. చూడ్డానికి అచ్చం ఒకేలా ఉన్న రెండు బల్బుల్లో ఒకటి 2.5 వోల్టులది కావచ్చు, రెండోది 6 వోల్టులది కావచ్చు. ఆకారం సంగతి ఆఖర్న చూసుకోవచ్చు. ముందు ప్లగ్ దగ్గర వైరుకు చుట్టి ఉండే చిన్న లేబుల్ చదవండి. సెట్ ఎన్ని వోల్టులది, అందులో ఎలాంటి బల్బు వేయాలి అన్నది చాలావరకు దాని మీదే ఉంటుంది. ఫోన్‌లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి, షాపులో పనికొస్తుంది.

కొత్తగా వచ్చినవాళ్లు ముందుగా గుర్తుపెట్టుకోవాల్సింది ఆ దేశపు వోల్టేజి. ఇండియాలో, బ్రిటన్‌లో, యూరప్‌లో, ఆస్ట్రేలియాలో ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. అమెరికా, కెనడాలలో 120, జపాన్‌లో 100. ప్రయాణాల కోసం కొనే ప్లగ్ అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టేజిని మార్చదు. ఇండియా నుంచి తెచ్చుకున్న ఫిలమెంట్ సెట్‌ను, అంటే లోపలి సన్నని తీగ వేడెక్కి వెలిగే బల్బుల సెట్‌ను, అమెరికాలో పెడితే ఎర్రగా, నీరసంగా వెలుగుతుంది, అంతకుమించి ఏమీ కాదు. అమెరికాలో కొన్న సెట్‌ను 230 వోల్టుల దేశంలో పెడితే మాత్రం దాదాపు రెట్టింపు వోల్టేజి తగిలి బల్బులు అప్పటికప్పుడే మాడిపోతాయి, వైరు కూడా వేడెక్కవచ్చు. ఎల్‌ఈడీ సెట్‌తో వచ్చిన పవర్ అడాప్టర్ మీద ఇన్‌పుట్ 100–240 వోల్టులు అని రాసి ఉంటే ఆ టెన్షన్ అక్కర్లేదు.

లేబుల్ చిరిగిపోయిందా? లెక్క వేసుకోవచ్చు. గింజల్లాంటి చిన్న ఫిలమెంట్ బల్బులు ఒకదాని వెనక ఒకటి సీరీస్‌లో ఉంటాయి, ఇంటికొచ్చే వోల్టేజిని సమానంగా పంచుకుంటాయి. 120ని 50తో భాగిస్తే 2.4. అందుకే అమెరికాలో 50 బల్బుల వరసకు 2.5 వోల్టుల బల్బు వేస్తారు. 35 బల్బుల వరసకు 3.5, 20 బల్బులదైతే 6, పదింటిదైతే 12. ఇక్కడ ఒక మెలిక ఉంది: 100 బల్బుల సెట్ అంటే ఒకే వరస కాదు, 50 చొప్పున రెండు వరసలు. సరిగ్గా సగం ఆరిపోవడానికి కారణం అదే, వెతకాల్సింది కూడా ఆ సగంలోనే. యూరప్‌లో, బ్రిటన్‌లో చాలా సెట్లు ప్లగ్ దగ్గరే ట్రాన్స్‌ఫార్మర్‌తో వస్తాయి. అప్పుడు 230తో పని లేదు, ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన అవుట్‌పుట్ చూడాలి.

ఒక బల్బు పోయినా మిగతావి వెలుగుతూనే ఉంటాయి కదా, తర్వాత చూద్దాంలే అని చాలామంది వదిలేస్తారు. అలా వదలకండి. ఈ చిన్న బల్బుల్లో ఫిలమెంట్ కింద షంట్ అనే సన్నని తీగ చుట్టు ఒకటి ఉంటుంది. దాని మీద పలుచని ఇన్సులేషన్ పూత ఉంటుంది కాబట్టి మామూలుగా కరెంటు దాని గుండా పోదు. ఫిలమెంట్ తెగగానే వోల్టేజి అంతా ఆ పూత మీద పడి, అది కాలిపోయి, కరెంటుకు దారి దొరుకుతుంది. వరస వెలుగుతూనే ఉంటుంది, కానీ పోయిన బల్బు వాటా మిగతా వాటి మీద పడుతుంది. ఒకటి పోతే పెద్ద తేడా తెలియదు. నాలుగైదు పోయాక మిగతావి మరీ కాంతిగా, మరీ వేడిగా వెలిగి త్వరత్వరగా పోతుంటాయి. బల్బు హోల్డర్‌లో వదులైనా, హోల్డర్ ఖాళీగా ఉన్నా షంట్ ఏమీ చేయలేదు, వరస మొత్తం ఆరిపోతుంది. కాబట్టి కొత్తవి కొనే ముందు ప్లగ్ తీసేసి, ఒక్కో బల్బునూ వేలితో గట్టిగా లోపలికి నొక్కి చూడండి. సగం జబ్బులు అక్కడే నయమవుతాయి.

తప్పు వోల్టుల బల్బు వేస్తే ఏమవుతుందంటే, సీరీస్‌లో అన్నిటి గుండా పోయేది ఒకే కరెంటు. 6 వోల్టుల బల్బు మామూలుగా తక్కువ కరెంటుకు తయారైనది. దాన్ని 2.5 వోల్టుల వరసలో పెడితే ఒక్కసారి తెల్లగా మెరిసి ఆరిపోతుంది. ప్యాకెట్‌లో కొస ఎర్రగా ఉన్న బల్బు ఒకటి కనిపిస్తే అది మామూలు స్పేర్ కాదు, వరస మొత్తాన్ని వెలిగిస్తూ ఆర్పే బల్బు. తెలియక పెట్టేసి సెట్ పాడైపోయిందని పారేసేవాళ్లూ ఉన్నారు.

వోల్టులు కుదిరినా కొత్త బల్బు కింది ప్లాస్టిక్ ముక్క మీ హోల్డర్‌లో పట్టకపోవచ్చు, ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. దానికో చిట్కా ఉంది. ప్లాస్టిక్ ముక్క కింద రెండు సన్నని తీగలు చెరో పక్కకు మడిచి ఉంటాయి. వాటిని గోటితో నిటారుగా చేసి, గాజు బల్బును మెల్లగా పైకి లాగితే ఊడి వస్తుంది. పాత బల్బు ప్లాస్టిక్ ముక్కలో ఈ కొత్త బల్బును దించి, తీగలు చెరో రంధ్రం నుంచి బయటికి తీసి, మళ్లీ పక్కలకు మడవండి. తీగలు ఒకదానికొకటి తగలకూడదు.

పెద్ద బల్బుల సెట్లతో ఇంత తంటా లేదు. ఇవి ఎక్కువగా ప్యారలల్‌లో ఉంటాయి, ఒకటి పోతే అదొక్కటే ఆరుతుంది. ఇక్కడ చూడాల్సింది బల్బు కింద తిప్పి బిగించే మర. ఈ12, ఈ17, ఈ26 అంటే మర వెడల్పు మిల్లీమీటర్లలో, మామూలు స్కేలుతో కొలుచుకోవచ్చు. అమెరికాలో సీ7 అనే రకానికి ఈ12, సీ9కి ఈ17, వరండాల్లో వేలాడదీసే ఎస్14కి ఎక్కువగా ఈ26. యూరప్‌లో ఈ14, ఈ27 కనిపిస్తాయి. ఇండియాలో అలవాటైన పిన్నుల బల్బు, అంటే బీ22, అమెరికా ఇళ్లలో కనిపించదు. ఈ26 బల్బు ఈ27 హోల్డర్‌లో పట్టేస్తుంది, ప్రమాదం కూడా అదే: 120 వోల్టుల బల్బును 230 వోల్టుల లైన్‌లో పెట్టకూడదు.

ఈ పెద్ద సెట్లలో ఫిలమెంట్ బల్బులు మార్చి ఎల్‌ఈడీలు పెట్టుకోవడమే నా సలహా. సీ9 ఫిలమెంట్ బల్బు 7 వాట్లు తింటుంది, అలాంటి 25 బల్బులకు 175 వాట్లు. ఎల్‌ఈడీ అయితే ఒక్కోటి ఒక వాటు లోపే. అన్నీ ఒకేసారి, ఒకే ప్యాకెట్ రకం నుంచి మార్చండి. 2700 కెల్విన్ పసుపు వెలుగు పక్కన 5000 కెల్విన్ తెల్ల వెలుగు పెడితే అతుకు వేసినట్టే కనిపిస్తుంది. చిన్న బల్బుల సీరీస్ వరసలో మాత్రం ఫిలమెంట్‌నూ ఎల్‌ఈడీనీ కలపకూడదు. చిన్న ఎల్‌ఈడీ సెట్లలో చాలావాటికి బల్బులు ఊడిరావు కూడా. వాటితో కుస్తీ పట్టడం దండగ, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే చోట ఇచ్చేయండి.

అన్ని బల్బులూ ఒకేసారి ఆరిపోతే బల్బుల జోలికి పోకుండా ముందు ప్లగ్ చూడండి. అమెరికా సెట్ల ప్లగ్‌లో చిన్న తలుపు జరిపితే గాజు ఫ్యూజులు ఉంటాయి, ఎక్కువగా 3 ఆంపియర్లవి. బ్రిటన్ ప్లగ్‌లోనూ లోపల ఫ్యూజ్ ఉంటుంది. పోయినదాని మీద ఎంత రాసి ఉందో అంతదే వేయాలి. కొత్తది వేసిన వెంటనే అదీ పోతే ఒకదానికొకటి తగిలించిన సెట్లు ఎక్కువయ్యాయేమో, వైరు ఎక్కడైనా నలిగిందేమో చూడండి. నలిగి లోపలి రాగి కనిపిస్తుంటే ఆ సెట్‌కు ఇక బల్బులు కొనకండి.