స్టార్ ఎంత బిగించినా దారం జారుతోందా? ముందు స్పూల్ మీద చుక్క పెట్టండి

పాత బెయిట్‌కాస్టింగ్ రీల్ (గాలపు కర్రకు బిగించి దారం చుట్టే యంత్రం) సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ల దగ్గర్నుంచి ఎక్కువగా వినే మాట ఒకటే: "డ్రాగ్ పోయింది, వాషర్లు మార్చాలి." డ్రాగ్ అంటే చేప లాగినప్పుడు దారాన్ని బిగువుతో వదిలే ఏర్పాటు, దాన్ని బిగించేది హ్యాండిల్ దగ్గరి నక్షత్రం లాంటి చక్రం, అదే స్టార్. విప్పి చూస్తే చాలాసార్లు వాషర్లు నిక్షేపంలా ఉంటాయి. నిమిషం పట్టే పరీక్షను వదిలేసి అందరూ నేరుగా స్క్రూడ్రైవర్ అందుకుంటారు. రీల్ విప్పడం, కడగడం, గ్రీజు పెట్టడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

సమస్య: స్టార్ పూర్తిగా బిగించినా దారం వచ్చేస్తోంది

స్పూల్ (దారం చుట్టుకునే చక్రం) అంచు మీద మార్కర్‌తో ఒక చుక్క పెట్టండి. క్లచ్ (స్పూల్‌ను హ్యాండిల్‌కు కలిపేది) పడిందో లేదో చూసుకుని, స్టార్ బిగించి, హ్యాండిల్ వదిలేయండి. చేతికి గుడ్డ చుట్టుకుని దారాన్ని గట్టిగా లాగండి. బ్రెయిడ్ (అల్లిన దారం) అయితే గుడ్డ తప్పనిసరి, లేకపోతే వేలు తెగుతుంది. చూపు మాత్రం చుక్క మీదే ఉండాలి.

చుక్క కదలకుండా దారం వస్తోందంటే డ్రాగ్‌కు ఏ రోగమూ లేదు. దారం మొత్తం ఒక ముద్దగా స్పూల్ మీద తిరుగుతోంది.

అందరూ మోసపోయేది ఇక్కడే. స్పూల్ అంచు నున్నగా, గుండ్రంగా మెరుస్తూ ఉంటుంది కాబట్టి అది తిరుగుతోందో ఆగి ఉందో కంటికి తెలియదు. పై వరసల దారం చెక్కుచెదరదు, ఎందుకంటే జారేది అన్నిటికంటే కింద, ముడి దగ్గర. విసిరితే మామూలుగానే వెళ్తుంది, చుడితే మామూలుగానే వస్తుంది. పెద్ద చేప పడి గట్టిగా లాగినప్పుడే జారుడు మొదలవుతుంది. అప్పుడు బొటనవేలు దారం మీద నొక్కితే ఆగుతుంది కూడా, దాంతో డ్రాగ్ మీదే అనుమానం గట్టిపడుతుంది.

పాత రీళ్లలో ఇది ఎక్కువ కనపడటానికి కారణం ఉంది. వాటిలో చాలా స్పూళ్లు నైలాన్ మోనో (ఒంటిపోగు దారం) కాలానివి, నడుము భాగం నున్నటి లోహం. మోనో సాగుతుంది. బిగువుగా చుట్టాక మళ్లీ ముడుచుకోవాలని చూస్తూ స్పూల్‌ను పట్టేసుకుంటుంది. బ్రెయిడ్ దాదాపు సాగదు, పైగా పైన పూత ఉంటుంది. దాన్ని నేరుగా నున్నటి స్పూల్‌కు ముడివేస్తే ముడి ఎంత గట్టిదైనా లాభం లేదు, ముడితో సహా మొత్తం చుట్టూ తిరుగుతుంది.

మరమ్మతుకు వచ్చిన ఒక రౌండ్ రీల్‌లో డ్రాగ్ వాషర్లు అప్పుడే కొత్తవి వేసి ఉన్నాయి. అవి వేసినా జారుతోందని ఎవరో స్టార్‌ను ప్లయర్‌తో బిగించారు. స్టార్ చేతుల మీద పళ్ల గాట్లు స్పష్టంగా ఉన్నాయి, లోపలి నట్‌వీ, అది ఎక్కే మెయిన్ షాఫ్ట్‌వీ మరలు సగం కొట్టుకుపోయాయి. స్పూల్ మీద దారమంతా విప్పితే అడుగున నడుము అద్దంలా మెరుస్తోంది, దారం అక్కడ జారీ జారీ పాలిష్ పెట్టేసింది. కావలసింది కాస్త మోనో. పాడైంది మాత్రం మెయిన్ షాఫ్ట్, పాత మోడల్‌కు అంత తేలిగ్గా దొరకనిది.

పరిష్కారం: దారం మొత్తం తీసేయండి. ముందు 10–15 చుట్లు మోనో గట్టిగా చుట్టి, దానికి డబుల్ యూనీ ముడితో బ్రెయిడ్ కలపండి. మోనో వద్దనుకుంటే స్పూల్ నడుముకు ఒక చుట్టు ఎలక్ట్రికల్ టేప్ వేసి, దాని మీద ముడి వేసినా పనిచేస్తుంది. స్పూల్‌కు రంధ్రాలుంటే దారాన్ని అందులోంచి తీసి కట్టండి. ఆ తర్వాత దారాన్ని తడిగుడ్డతో పట్టుకుని బిగువుగా చుట్టండి. మళ్లీ చుక్క పరీక్ష చేయండి.

రీల్ కొనేటప్పుడు కూడా ఈ పరీక్ష అక్కడికక్కడే చేయొచ్చు. "డ్రాగ్ పనిచేయదు" అని తక్కువకు ఇచ్చేస్తున్న రీల్‌కు నిజంగా ఉన్న జబ్బు ఇదే కావచ్చు.

చుక్క కదిలితే హ్యాండిల్ చూడండి. హ్యాండిల్ ఆగి ఉండి స్పూల్ మెత్తగా జారుతుంటే అప్పుడు డ్రాగ్ సంగతి: వాషర్లు తీసి, నూనె పీల్చాయేమో, మెరుపు పట్టాయేమో చూసి మార్చండి. టక్కు టక్కుమంటూ కుదుపులతో జారితే పినియన్ (స్పూల్‌ను తిప్పే చిన్న పళ్ల చక్రం) స్పూల్ షాఫ్ట్‌ను సరిగ్గా పట్టడం లేదు. ఎండి మైనంలా గట్టిపడిన గ్రీజు యోక్‌ను (పినియన్‌ను జరిపే భాగం) పూర్తిగా కిందికి దిగనివ్వదు. కడిగితే ఎక్కువసార్లు సరిపోతుంది, లేకపోతే యోక్ స్ప్రింగులు మార్చాలి.

సమస్య: హ్యాండిల్ వెనక్కి తిరుగుతోంది

పాత రకంలో పళ్ల చక్రం, దాన్ని ఆపే 'డాగ్' అనే చిన్న కొక్కెం ఉంటాయి. ఆ కొక్కేనికున్న రెండు పలచటి రేకులు చక్రాన్ని అటూ ఇటూ పట్టుకోవాలి. ఎవరో విప్పి బిగించిన రీల్‌లో అవి పక్కకు తప్పుకుని ఉంటాయి, ముందు అదే చూడండి. దాని బదులు రోలర్ బేరింగ్ (ఒకవైపే తిరగనిచ్చేది) ఉన్న మోడల్ అయితే అందులో చిక్కటి గ్రీజు నింపి ఉంటారు. కడిగేసి, పలచటి నూనె ఒక్క చుక్క వేయండి.

సమస్య: దూరం పడటం లేదు

బేరింగులు ఆర్డర్ చేసే ముందు స్పూల్ టెన్షన్ నాబ్ (స్పూల్‌ను పక్క నుంచి నొక్కి ఉంచే మర) వదులు చేసి చూడండి. దయచేసి. ఆ తర్వాత బ్రేకులు, ఆ తర్వాతే బేరింగులు. వాటిలో గ్రీజు ఉంటే తీసేసి నూనె వేయండి. ప్లాస్టిక్ భాగాలకు అసిటోన్ తగలనివ్వకండి, కరిగిపోవచ్చు.

సమస్య: దారం ఒక పక్కకే చుట్టుకుంటోంది

లెవెల్ వైండ్ (దారాన్ని అటూ ఇటూ జరుపుతూ సమంగా చుట్టించే భాగం) కింద చిన్న మూత తీస్తే పాల్ అనే చిన్న లోహపు ముక్క బయటికి వస్తుంది. దాని కొన కత్తి అంచులా అరిగి ఉంటే మార్చాలి, అది అరగడానికే ఉన్న భాగం. కొత్తది వేసే ముందు పాల్ నడిచే వార్మ్ షాఫ్ట్ గాడిలో ఇసుక, తెగిన దారం పోగులు లేకుండా బ్రష్‌తో శుభ్రం చేయండి, లేకపోతే కొత్త పాల్ కూడా త్వరగా పోతుంది. స్వీడన్‌లో తయారైన ఆబు అంబాసిడర్ రీల్ అయితే రీల్ ఫుట్ (కర్రకు బిగించే అడుగు) మీది నంబర్ చూసి ఆర్డర్ పెట్టండి. 1970ల మధ్య నుంచి వచ్చినవాటిలో మొదటి రెండు అంకెలు సంవత్సరం, తర్వాతి రెండు నెల. ఒకే పేరున్న మోడల్‌లోనూ కాలాన్ని బట్టి భాగాలు మారాయి.

స్పూల్ షాఫ్ట్ వంగడం, ఫ్రేమ్ చిట్లడం అరుదు. వంగిన షాఫ్ట్ తిప్పగానే ఊగుతూ కనపడుతుంది. ఆ రెంటిలో ఏది ఉన్నా విడిభాగాల కోసం తప్ప కొనకండి.