ఔట్‌లుక్‌లో మెయిల్స్ రావట్లేదా, ముందు ఇది చూడండి

చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుల్లో, ఒంగోలు ఆడిటర్ల దగ్గర ఇంకా పాత ఔట్‌లుక్ వాడేవాళ్లు ఉన్నారు కదా, వాళ్లకోసం చెప్తన్నా. మెయిల్స్ ఆగిపోయినయ్ అని వెంటనే అకౌంట్ తీసేసి మళ్లీ ఎక్కించబాకండి, పాప్ అకౌంట్ (మెయిల్స్‌ని సర్వర్ నుంచి సిస్టంలోకి దించుకునే రకం) అయితే పాత మెయిల్స్ ఆ సిస్టంలో తప్ప ఇంకెక్కడా ఉండకపోవచ్చు.

ముందు బ్రౌజర్లో అదే మెయిల్ తెరవండి. అక్కడ కూడా కొత్తవి లేకపోతే తప్పు ఔట్‌లుక్‌ది కాదు, స్టోరేజీ నిండిందేమో చూసుకోండి, జీమెయిల్ ఫ్రీగా ఇచ్చే 15 జీబీలోనే ఫోటోలు, డ్రైవ్ కూడా కలిసి ఉంటాయి. బ్రౌజర్లో వస్తా ఔట్‌లుక్‌లో మాత్రం రాకపోతే పైన సెండ్ రిసీవ్ ట్యాబ్‌లో వర్క్ ఆఫ్‌లైన్ నొక్కి ఉందేమో చూడండి, చాలాసార్లు అదే, ఎవరో తెలీకుండా నొక్కేసి పోయుంటారు. అదీ కాదంటే అకౌంట్ సెట్టింగ్స్‌లో పోర్టు (సర్వర్‌తో కలిసే దారి నంబరు) చూడండి, ఐమ్యాప్‌కి (మెయిల్స్‌ని సర్వర్లోనే ఉంచి చూపించే రకం) 993, పాప్‌కి 995, ఎస్ఎస్ఎల్ (మెయిల్ దారిలో ఎవరూ చదవకుండా కాపాడేది) ఆన్‌లో ఉండాల.