చేతిలో ఫోన్ – 5వ పాఠం: ‘స్టోరేజ్ ఫుల్’ అన్నప్పుడు ఏం తీయాలి, ఏం ఉంచాలి

పోయిన పాఠంలో గూగుల్ అకౌంట్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోమన్నాను. ఆ పని ఇంకా చేయనివాళ్లు ముందు అది చేసి రండి. ఈసారి ఫోటోలు తీసేసే పని ఉంది, వాటి బ్యాకప్ (దాచుకున్న రెండో కాపీ) ఉండేది ఆ అకౌంట్‌లోనే.

ఒడిశాలోని మన బరంపురంలో తెలుగువాళ్ల ఫోన్లు ఇంత తొందరగా నిండడానికి సగం కారణం తెలుగు, ఒడియా రెండు భాషల గ్రూపులని నా లెక్క. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస చుట్టాల గ్రూపులో తెల్లారేసరికి ‘శుభోదయం’ పూలబొమ్మ దిగుతుంది. స్కూలు గ్రూపు, ఆఫీసు గ్రూపు, వీధి గ్రూపుల్లో ‘శుభ సకాళ’ అంటూ ఇంకో పూలబొమ్మ. ఉగాదికి అటువైపు నుంచి, ఒడియావాళ్ల రజ పండక్కి ఇటువైపు నుంచి. రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర వచ్చిందంటే ఇక చెప్పక్కర్లేదు, పులి వేషాల వీడియోలు గ్రూపు గ్రూపుకీ కొత్తవి వస్తూనే ఉంటాయి. ఇవన్నీ మనం చూసినా చూడకపోయినా ఫోన్‌లో దిగి కూర్చుంటాయి.

ముందు చూడడం, తర్వాతే తీయడం

సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరవండి. కొన్ని ఫోన్లలో అది ‘అబౌట్ ఫోన్’ లోపల ఉంటుంది, కొన్నింటిలో ‘బ్యాటరీ అండ్ డివైస్ కేర్’ లోపల. దొరక్కపోతే సెట్టింగ్స్ పైన ఉన్న వెతుకులాట గడిలో స్టోరేజ్ అని కొట్టండి. 64 జీబీ ఫోన్ కొన్నా మీ వాడకానికి 64 మొత్తం రాదు, అందులో పెద్ద వాటా ఫోన్‌ని నడిపించే సిస్టమ్‌ది. దాన్ని మనం కదపలేం, దాని గురించి టెన్షన్ వద్దు.

మిగిలిన వరుసలో ఇమేజెస్, వీడియోస్, యాప్స్, ట్రాష్ (డిలీట్ చేసినవి కొన్నాళ్లు ఆగే బుట్ట) అని ఉంటాయి. అన్నిటికంటే ఎక్కువ తిన్న మూడింటిని కాగితం మీద రాసుకోండి. అంతవరకూ ఏదీ డిలీట్ చేయొద్దు. స్థలం లేదనగానే కంగారులో యాప్‌లు పీకేయడం మనవాళ్ల అలవాటు. అలా పోయేది పాపం ఏ బస్సు టికెట్ల చిన్న యాప్పో అవుతుంది, అసలు తిండిపోతు లోపల అలాగే ఉంటుంది.

ఇప్పుడు రాసుకున్న ప్రతిదాని పక్కనా ఒక ప్రశ్న వేసుకోండి: ఇది పోతే మళ్లీ దొరుకుతుందా? యాప్ పోతే ప్లే స్టోర్‌లో దొరుకుతుంది. యూట్యూబ్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న పాట మళ్లీ దించుకోవచ్చు. మనవడి అన్నప్రాశన వీడియో మీ ఒక్క ఫోన్‌లోనే ఉంటే, అది పోతే పోయినట్టే. దొరికేవాటి మీద మొహమాటం వద్దు. దొరకనివాటికి రెండో చోట కాపీ పెట్టాకే చెయ్యి వేయండి. ఈ పాఠంలో చెప్పేదంతా ఈ ప్రశ్న చుట్టూనే.

వాట్సాప్ లోపల

వాట్సాప్ తెరిచి సెట్టింగ్స్, స్టోరేజ్ అండ్ డేటా, మేనేజ్ స్టోరేజ్ – ఈ వరుసలో వెళ్లండి. పైన రెండు పెట్టెలు కనిపించవచ్చు: ‘ఫార్వర్డెడ్ మెనీ టైమ్స్’, ‘లార్జర్ దేన్ 5 ఎంబీ’. మొదటిదాంట్లో ఉండేవి ఊరంతా తిరిగి మీ దగ్గరికి చేరినవి. ఒకసారి పైపైన చూసి, అన్నీ సెలెక్ట్ చేసి తీసేయొచ్చు. రెండోదాంట్లో మాత్రం ఒక్కొక్కటీ చూడాలి, పెళ్లి వీడియోలూ అందులోనే ఉంటాయి. ఉంచుకోవాలనుకున్నదాన్ని ముందు గ్యాలరీలోకో గూగుల్ ఫోటోస్‌లోకో చేర్చండి. డిలీట్ నొక్కాక, అదే ఫైలు వేరే చాట్‌లో కూడా ఉంటే ‘కాపీలు కూడా తీసేయాలా’ అని అడుగుతుంది. అక్కడ టిక్ పెట్టకపోతే స్థలం ఖాళీ కాదు.

కింద చాట్ల వరుస ఉంటుంది, ఎక్కువ తిన్నది పైన. పట్టుచీరల కొట్టు నడిపే ఒక అక్క ఫోన్‌లో ఈ వరుస చూశాం. పైన ఉంటాయనుకున్న చుట్టాల గ్రూపులు నాలుగో చోటికి దిగిపోయాయి, మొదటి మూడూ ఖాతాదారుల చాట్లే. ఆమె కుంభం అంచు చీర ఒకటి పరిచి ఫోటో తీస్తుంది, అది కెమెరా ఫోల్డర్‌లో పడుతుంది. దాన్ని వాట్సాప్‌లో పంపగానే వాట్సాప్ చిన్నది చేసిన ఇంకో కాపీని తన ‘సెంట్’ ఫోల్డర్‌లో దాచుకుంటుంది. కొనేవాళ్లు ‘ఈ రంగే కావాలి’ అని స్క్రీన్‌షాట్ తీసి పంపితే అది మూడోది. చీర అమ్ముడైపోయినా మూడు బొమ్మలూ ఫోన్‌లోనే.

“సెంట్‌లోవి తీసేస్తే వాళ్ల ఫోన్‌లో కూడా పోతాయేమో తమ్ముడూ?” అని అడిగింది. పోవు. అవతలివాళ్లకి చేరినది వాళ్లదే. మన చాట్‌లో మాత్రం ఆ బొమ్మ ఇక తెరుచుకోదు. ఆ ఫోల్డర్ చూడాలంటే ఫైల్స్ యాప్‌లో ఇంటర్నల్ స్టోరేజ్, ఆండ్రాయిడ్, మీడియా, ఆపైన వాట్సాప్ పేరున్న ఫోల్డర్లు తెరుచుకుంటూ ‘వాట్సాప్ ఇమేజెస్’ దాకా వెళ్లాలి, అందులోనే ‘సెంట్’ ఉంటుంది. ఒరిజినల్ ఎలాగూ కెమెరా ఫోల్డర్‌లో ఉంది కాబట్టి వ్యాపారం చేసేవాళ్లు నెలకోసారి ఈ సెంట్ ఖాళీ చేసుకోవచ్చు. అలాగే ‘వాట్సాప్ వీడియో’లోని సెంట్ కూడా, అసలు లాభం అక్కడే.

వాయిస్ మెసేజ్‌ల జోలికి మాత్రం పోకండి. నిమిషం మాటకు ఒక ఎంబీలో నాలుగో వంతు కూడా పట్టదు. వంద తీసినా ఒక మంచి వీడియో అంత స్థలం మిగలదు, పోయిన గొంతులు తిరిగి రావు.

ఇక మళ్లీ నిండకుండా: అదే స్టోరేజ్ అండ్ డేటాలో మీడియా ఆటో డౌన్‌లోడ్ కింద మొబైల్ డేటాకీ, వైఫైకీ వీడియోల టిక్ తీసేయండి. కావలసిన వీడియో మీద నొక్కితేనే దిగుతుంది. చాలామంది దీని బదులు ‘మీడియా విజిబిలిటీ’ ఆపేసి పని అయిపోయిందనుకుంటారు. దానివల్ల కొత్త బొమ్మలు గ్యాలరీలో కనబడవు, అంతే. ఫోన్‌లో దిగడం దిగుతూనే ఉంటాయి.

టెలిగ్రామ్, యూట్యూబ్, డౌన్‌లోడ్స్

టెలిగ్రామ్‌లో దించిన సినిమాలు జీబీలకు జీబీలు తింటాయి. ఇక్కడ ధైర్యంగా ఉండొచ్చు: దాని సెట్టింగ్స్‌లో డేటా అండ్ స్టోరేజ్, స్టోరేజ్ యూసేజ్, క్లియర్ క్యాష్. క్యాష్ అంటే యాప్ తన వాడకం కోసం ఫోన్‌లో దాచుకునే తాత్కాలిక ఫైళ్లు. ఫైలు టెలిగ్రామ్ సర్వర్లో ఉంటుంది, ఛానెల్‌వాళ్లు తీసేస్తే తప్ప మళ్లీ దించుకోవచ్చు. వాట్సాప్‌లో ఈ వెసులుబాటు లేదు. పాత బొమ్మ పోతే పంపినవాళ్లనే మళ్లీ అడగాలి.

యూట్యూబ్ డౌన్‌లోడ్స్ చూసినవి తీసేయండి. గూగుల్ మ్యాప్స్‌లో దాచుకున్న ఆఫ్‌లైన్ మ్యాపులు మాత్రం, గుణుపురం, రాయగడ కొండదారుల్లో తిరిగేవాళ్లయితే ఉంచుకోండి, అక్కడ చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఆధార్, భూలేఖ్ (ఒడిశా భూమి రికార్డుల సైట్) పట్టా కాగితాల పీడీఎఫ్‌లు నాలుగేసి కాపీలు ఉంటాయి. అవి తీసినందువల్ల స్థలం పెద్దగా రాదు, అయినా ఒక్కటి ఉంచి మిగతావి తీసేయడం మంచిది.

గూగుల్ ఫోటోస్‌లో ఒక ప్రమాదం

గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయిన ఫోటోని మామూలుగా డిలీట్ చేస్తే ఫోన్‌లోనూ, అకౌంట్‌లోనూ రెండు చోట్లా పోతుంది. ఫోన్‌లో మాత్రమే ఖాళీ చేయాలంటే పైన మీ బొమ్మ మీద నొక్కి ‘ఫ్రీ అప్ స్పేస్’ ఎంచుకోవాలి. బ్యాకప్ అయినవాటినే అది ఫోన్‌లోంచి తీస్తుంది. పొరపాటున డిలీట్ నొక్కినా ట్రాష్‌లో బ్యాకప్ అయినవి 60 రోజులు, కానివి 30 రోజులు ఉంటాయి, ఈలోపు తిరిగి తెచ్చుకోవచ్చు. వాట్సాప్ ఫోల్డర్ బ్యాకప్ కావాలంటే మీరే ఆ ఫోల్డర్‌కి ఆన్ చేయాలి, దానంతటది జరగదు.

ఇక్కడ ఇంకో లెక్క. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ మూడూ అందులోనే సర్దుకోవాలి. 2021 జూన్ 1 వరకూ కాస్త చిన్నవి చేసిన ఫోటోలకు లెక్క ఉండేది కాదు, ఇప్పుడు ప్రతిదానికీ ఉంది. ఫోన్‌లో ఉన్నదంతా అక్కడికి తోసేస్తే అదీ నిండుతుంది.

క్యాష్ సరే, డేటా వద్దు

యాప్ వివరాల్లో రెండు బటన్లు పక్కపక్కనే ఉంటాయి: ‘క్లియర్ క్యాష్’, ‘క్లియర్ డేటా’ (కొన్ని ఫోన్లలో ‘క్లియర్ స్టోరేజ్’). మొదటిది నొక్కితే నష్టం లేదు, లాభమూ కొద్దిరోజులే, యాప్ వాడితే మళ్లీ పేరుకుంటుంది. రెండోది నొక్కితే యాప్ కొత్తగా వేసినట్టు అయిపోతుంది. యూపీఐ యాప్‌లో నొక్కితే బ్యాంకులో ఇచ్చిన మొబైల్ నంబరు మళ్లీ ధ్రువీకరించుకోవాలి. వాట్సాప్‌లో నొక్కితే బ్యాకప్ ఉన్నంతవరకే చాట్లు వెనక్కి వస్తాయి. ‘ఒక్క నొక్కుతో ఫోన్ శుభ్రం’ అనే క్లీనర్ యాప్‌లు అసలు వేయకండి. అవి చేసేది ఈ క్యాష్ తుడవడమే, పైగా ప్రకటనలు, అక్కర్లేని పర్మిషన్లు. గూగుల్‌వారి ఫైల్స్ యాప్ ఒక్కటి చాలు, డూప్లికేట్ ఫైళ్లు అదే చూపిస్తుంది.

ఏది డిలీట్ చేసినా చివర్లో గ్యాలరీ, ఫైల్స్ రెండింట్లోనూ ట్రాష్ తెరిచి చూడండి. ట్రాష్‌లో ఉన్నంతసేపూ ఆ ఫైలు స్థలం ఆక్రమించే ఉంటుంది. ‘ఇన్ని తీశాను, ఒక్క జీబీ కూడా పెరగలేదు’ అని చెప్పేవాళ్లలో చాలామంది సంగతి ఇదే.

అభ్యాసం

మొదటి రోజు స్టోరేజ్ పేజీ చూసి మూడు పెద్దవి రాయండి. రెండో రోజు వాట్సాప్‌లో ‘ఫార్వర్డెడ్ మెనీ టైమ్స్’ ఖాళీ చేసి, ఆటో డౌన్‌లోడ్ మార్చండి. మూడో రోజు కెమెరా సెట్టింగ్స్‌లో వీడియో రిజల్యూషన్ (బొమ్మ ఎంత స్పష్టంగా రావాలన్న లెక్క) చూడండి. 1080పీలో నిమిషానికి సుమారు 100 ఎంబీ పడుతుంది, 4కేలో దానికి మూడింతల దాకా. గోపాల్‌పూర్ బీచ్‌లో పిల్లల ఆటలకు 1080పీ ధారాళంగా సరిపోతుంది. ఆ తర్వాత మళ్లీ స్టోరేజ్ పేజీ తెరిచి, మొదటి రోజు అంకెల పక్కన కొత్తవి రాయండి.

వచ్చే పాఠం పెన్ డ్రైవ్‌లోకి ఫోటోలు ఎక్కించడం. అప్పటికి ఓటీజీ పెన్ డ్రైవ్ (ఫోన్‌కే నేరుగా పెట్టుకునేది) ఒకటి కొని ఉంచండి. కొట్లో అడిగేముందు మీ ఫోన్ చార్జింగ్ పిన్ టైప్-సీ అవునో కాదో చూసుకుని వెళ్లండి.