విండోస్ 11కి మారాక సాఫ్ట్‌వేర్ క్రాష్ అవుతోందా? తప్పెవరిదో ముందు చూడండి

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆపేశారు కదా, అప్పట్నుంచి మన వైజాగ్‌లో, ముఖ్యంగా ద్వారకానగర్ సిస్టమ్స్ షాపుల్లో ఇదే గొడవ. కస్టమరేమో "అప్‌గ్రేడ్ అని చెప్పి పాడుచేసీసారండి" అంటాడు, టెక్నీషియనేమో "మీ సాఫ్ట్‌వేరే పాతదండి బాబూ" అంటాడు, ఇద్దరూ చెప్పేది ఊహే. ఆధారం ఆ సిస్టమ్‌లోనే ఉంటుంది. స్టార్ట్‌లో రిలయబిలిటీ అని కొట్టి వ్యూ రిలయబిలిటీ హిస్టరీ తెరవండి, ఏ రోజు ఏది పడిపోయిందో ఎర్ర గుర్తులతో కనిపిస్తుంది. ఒక్క ప్రోగ్రామ్ పేరే మాటిమాటికీ ఉందా, సంబంధం లేనివన్నీ రోజుకొకటి పడిపోతున్నాయా, ముందు అది తేల్చుకోండి.

సమస్య: ఒక్క ప్రోగ్రామే క్లోజ్ అయిపోతోంది

ఆ ఎర్ర గుర్తు మీద డబుల్ క్లిక్ చేస్తే ఫాల్ట్ మాడ్యూల్ నేమ్ అని ఉంటుంది. అక్కడ ఎన్‌టీడీఎల్ఎల్ (ntdll.dll) అని కనబడగానే చాలామంది ఫొటో తీసి "చూసారా, విండోస్‌దే తప్పు" అంటారు. తొందరపడొద్దు. ఆ ఫైల్ విండోస్‌దే గానీ, ప్రోగ్రామ్ మెమరీని ఎప్పుడో పాడుచేస్తే అది బయటపడేది చాలాసార్లు అక్కడ. ఖాళీ చేసిన అద్దింటికి పాత తాళంతో వెళ్తూ ఉన్నట్టు, కొత్తవాళ్ళు దిగేదాకా ఎవరికీ తెలీదు, దిగాక గొడవ. పాత విండోస్‌లో ఏళ్ళ తరబడి నడిచిందంటే బగ్ లేదని కాదు, బయటపడలేదని. విండోస్ 95 అప్పుడు సిమ్‌సిటీ గేమ్‌లో ఇలాంటి బగ్గే ఉంటే, ఆ గేమ్ కోసం విండోస్‌లోనే ప్రత్యేకంగా సర్దుబాటు పెట్టారు. మన వీధి చివర షాపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి అంత మర్యాద ఎవరు చేస్తారు?

కాబట్టి ముందు ఆ కంపెనీ దగ్గర కొత్త వెర్షన్ అడగండి. లేదంటే ఆ ప్రోగ్రామ్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్‌లో పాత విండోస్ పెట్టి చూడండి. మాడ్యూల్ పేరు గ్రాఫిక్స్ కార్డుదైతే దాని డ్రైవర్, అంటే ఆ కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్ మార్చాలి, ప్రోగ్రామ్‌ని తిట్టి లాభం లేదు. డాస్ కాలం 16-బిట్ ప్రోగ్రామ్ అయితే మాత్రం ఆశ వదిలేయండి, అలాంటివి నడిచేది 32-బిట్ విండోస్‌లోనే, 11లో 32-బిట్ ఎడిషనే లేదు, డాస్ ప్రోగ్రామ్‌లకి డాస్‌బాక్స్ (పాత డాస్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్) ఒక దారి.

సమస్య: తెలుగు టైప్ చేస్తే ఇంగ్లీష్ అక్షరాలు పడుతున్నాయి

డీటీపీ వాళ్ళకి ఇది బాగా తెలుసు. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ క్రాష్ అవుతోందని ఎవరో దానికి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ టిక్ పెట్టేస్తారు, తెలుగు కీబోర్డ్ సాఫ్ట్‌వేరేమో మామూలుగా నడుస్తుంటుంది. అడ్మిన్‌గా నడిచేదాని కీ నొక్కుల్ని మామూలు ప్రోగ్రామ్ పట్టుకోడానికి విండోస్ ఒప్పుకోదు. రెండూ అడ్మిన్‌గానో, రెండూ మామూలుగానో నడపండి, అంతే.

సమస్య: ఆఫీసులో షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోవట్లేదు

11 ప్రోలో 24హెచ్2 వెర్షన్ నుంచి పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేరింగ్ డిఫాల్ట్‌గా బంద్. చాలామంది సెక్యూరిటీ సెట్టింగ్ తీసేసి నడిపించేస్తున్నారు, నాకైతే నచ్చదు. ఫైళ్ళున్న సిస్టమ్‌లో ఒక యూజర్, పాస్‌వర్డ్ పెట్టి దాంతో కనెక్ట్ అవ్వండి.

సమస్య: అన్నీ పడిపోతున్నాయి

బ్రౌజర్, ఎక్సెల్, ఆఖరికి నోట్‌ప్యాడ్ కూడానా? అయితే ర్యామ్, డిస్క్, డ్రైవర్ మీద అనుమానం పెట్టండి. బీచ్ వైపు ఇళ్ళల్లో ఉప్పుగాలికి ర్యామ్ కాంటాక్టులు నల్లబడతాయి, పవర్ తీసేసి రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్ళీ గుచ్చండి, తర్వాత విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ నడపండి. ర్యామ్ బాగుంటే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో పాడైన విండోస్ ఫైళ్ళని బాగుచేసే రెండు కమాండ్లు నడపండి, ముందు డిజమ్ రీస్టోర్‌హెల్త్ (DISM /Online /Cleanup-Image /RestoreHealth), ఆ తర్వాతే ఎస్ఎఫ్‌సీ స్కాన్ (sfc /scannow).

ఇవేవీ కుదరకపోతే సెట్టింగ్స్‌లో రికవరీలో పాత విండోస్‌కి వెనక్కెళ్ళే గో బ్యాక్ బటన్ ఉంటుంది, కానీ అప్‌గ్రేడ్ అయ్యాక మామూలుగా 10 రోజులే. ఈలోగా స్పేస్ కోసం డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ ఫైళ్ళు డిలీట్ కొట్టారో, ఆ బటన్ కూడా పనిచెయ్యదు.