స్క్రిప్ట్ పంపే మెయిల్‌లో లైన్లు మాయమవుతున్నాయా? ముందు టిల్డె సంగతి చూడండి

సమస్య: ఫారంలో జనం రాసిందంతా షెల్ స్క్రిప్ట్ తీసుకెళ్లి మెయిల్ కమాండ్‌కి పైప్ చేస్తోంది (అంటే నేరుగా దాని చేతికి అందిస్తోంది), అన్నీ బానే వస్తున్నాయి గానీ ఒక్కోసారి మధ్యలో ఒక లైన్ గల్లంతు. మాకూ ఇదే అయింది, వారం పాటు మెయిల్ సర్వర్‌నే తిట్టుకున్నాం, పాపం దాని తప్పేం లేదు.

కారణం: పోయిన లైన్లన్నీ టిల్డె (~) గుర్తుతో మొదలైనవే. మెయిల్ కమాండ్‌ని రాసిందే మనిషి కీబోర్డ్ ముందు కూర్చుని టైప్ చేయడానికి, అందుకే లైన్ మొదట్లో ~ కనిపిస్తే అది తనకిచ్చిన ఆర్డర్ అనుకుంటుంది. ~! ఉంటే పక్కనున్న కమాండ్ నడిపేస్తుంది! అంటే ముక్కూమొహం తెలీనోడు ఫారంలో ఒక్క లైన్ రాసి మీ సర్వర్లో ఏదైనా చేయించొచ్చన్నమాట. 2021లో ఫెయిల్2బ్యాన్‌లో (సర్వర్ మీద దాడి చేసే అడ్రసుల్ని అడ్డుకునే ప్రోగ్రామ్) బయటపడింది అచ్చం ఇదే, బయటి నుంచి వచ్చిన హూయిజ్ జవాబుని (ఆ అడ్రస్ ఎవరిదో చెప్పే వివరాలు) అలాగే మెయిల్‌కి పైప్ చేసేది, అక్కడ గ్నూ మెయిల్‌యుటిల్స్ (మెయిల్ కమాండ్‌లో ఒక రకం) ఉంటే ఇక అంతే. 0.10.7, 0.11.3 వెర్షన్లలో సరిచేశారు.

మీదగ్గర ఎలా ఉందో చూడాలంటే ~! తర్వాత టచ్ కమాండ్ పెట్టి టెంప్ ఫోల్డర్లో ఖాళీ ఫైల్ చేయమని ఒక లైన్ రాసి, మీ అడ్రస్‌కే పైప్ చేయండి. ఫైల్ పుడితే దొరికిపోయినట్టే. హెయిర్‌లూమ్ మెయిల్‌ఎక్స్ (ఇంకో రకం మెయిల్ కమాండ్) మాత్రం పైప్ నుంచి వచ్చినప్పుడు అడిగితే తప్ప టిల్డెని పట్టించుకోదు, కానీ రేపు సర్వర్ మారితే ఏ మెయిల్ కమాండ్ ఉంటుందో ఎవడికి తెలుసు.

పరిష్కారం: మెయిల్ కమాండ్‌ని వదిలేసి సెండ్‌మెయిల్ కమాండ్‌కి పంపండి, దానికి టిల్డె గోల లేదు. మెయిల్‌యుటిల్సే వాడక తప్పదంటే ఎస్కేప్ అక్షరాన్ని (ఆర్డర్‌కి గుర్తుగా వాడే అక్షరం, మామూలుగా టిల్డె) ఖాళీగా సెట్ చేయండి, ఫెయిల్2బ్యాన్ వాళ్లూ అదే చేశారు.

సెండ్‌మెయిల్‌కి మారాక మెయిల్ సగంలో తెగిపోతోందా? ఒక లైన్లో ఒంటరిగా చుక్క ఉంటే ఉత్తరం అయిపోయిందనుకుంటుంది, చిన్న ఐ ఆప్షన్ (-i) ఇస్తే సరి.

మీరు పంపనివాళ్లకి కూడా మెయిల్ వెళ్తోందంటే సబ్జెక్టులో ఎవరో కొత్త లైన్ దూర్చి బీసీసీ హెడర్ (గుట్టుగా ఇంకొకరికి కాపీ పంపమనే లైన్) రాసి ఉంటారు. హెడర్లోకి వెళ్లే ప్రతి దాంట్లోంచి కొత్తలైన్ అక్షరాలు తీసేయండి, హెడర్లు చదివి అడ్రసులు ఏరుకునే చిన్న టీ ఆప్షన్ (-t) మానేసి అడ్రస్‌ని మీరే -- తర్వాత ఇవ్వండి, లేకపోతే హైఫన్‌తో మొదలైన అడ్రస్‌ని కూడా ఆప్షన్ అనుకుంటుంది.