క్యాంపర్ వెనక ఇంకో ట్రైలర్: ఊగుడు, వేడి, బ్రేకులు, లైట్ల సమస్యలు - పరిష్కారాలు

విశాఖలో క్యాంపర్ అనగానే చాలామందికి పికప్ బండి గుర్తొస్తుంది. నేను చెప్పేది కారు వెనక కట్టుకునే, లోపల పడక, చిన్న వంటగట్టు ఉండే ట్రైలర్ గురించి. దాని వెనక స్కూటరు కోసమో పడవ కోసమో ఇంకో చిన్న ట్రైలర్ తగిలించవచ్చా అని గాజువాక ఆటోనగర్‌లో మా షెడ్డుకి వచ్చి అడిగేవాళ్లు ఈమధ్య పెరిగారు.

అమెరికాలో మిషిగన్‌లో ఉండే మా మేనల్లుడు అలా రెండు కట్టుకునే తిరుగుతాడు. అక్కడ దానికి లైసెన్సు మీద విడిగా ‘ఆర్’ ఎండార్స్‌మెంట్, అంటే అదనపు అనుమతి, తీసుకోవాలి. పైగా ముందు ఉండేది ఫిఫ్త్ వీల్ క్యాంపర్. దాని ముక్కు పికప్ తొట్టిలో, వెనక ఇరుసు మీద కూర్చుంటుంది. మనవి బాల్ హిచ్‌లు, అంటే ట్రైలర్ ముక్కు ఇనుప గుండు మీద కూర్చునే కొక్కేలు, కారు తోక చివర ఉంటాయి. అందుకని అక్కడి వీడియో చూసి ఇక్కడ అదే చేయబోవద్దు.

మన 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం లాగే బండి నంబరు ట్రైలర్ మీద, ట్రైలర్లు ఒకటికంటే ఎక్కువ ఉంటే చిట్టచివరి దాని మీద కనిపించాలి. ట్రైలర్‌కి సొంత రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. ఇవి ఉన్నా సరే, మీ బండికి రెండో ట్రైలర్ ఒప్పుకుంటారో లేదో రవాణా శాఖ ఆఫీసులో కాగితం మీద రాయించుకోకుండా రోడ్డెక్కవద్దు. నేనైతే హైవే మీద రెండోదాన్ని మా బావమరిది బండికే కడతాను. రెండూ కలిపి కట్టి చూసినవన్నీ తెలిసినవాళ్ల ఖాళీ లేఅవుట్‌లోనే.

సమస్య: స్పీడు పెరగ్గానే వెనక ఊగుతోంది

ప్రాణం మీదికి తెచ్చేది ఇదే కాబట్టి దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

పోయిన వేసవిలో శ్రీకాకుళం వెళ్తున్నాం. తగరపువలస దాటాం, నాతవలస టోల్‌గేటు ఇంకా రాలేదు. క్యాంపర్ వెనక ఇనుప ఫ్రేము వేసి దాని మీద స్కూటరు ఎక్కించాం. స్పీడు 70 కూడా లేదు. పక్కనుంచి ఓ కంటైనర్ లారీ దాటింది. ముందు స్టీరింగ్ తేలికైపోయినట్టు అనిపించింది. తర్వాత సీటు కింద ఎవరో అటూ ఇటూ లాగుతున్నట్టు. వెనక సీట్లోంచి మా బావమరిది “బావా, ఎనకది ఊగిపోతోంది, సూడు” అని అరిచాడు. నేను బ్రేకు తొక్కలేదు. యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి, స్టీరింగ్ కదలకుండా పట్టుకున్నాను. స్పీడు 40కి పడ్డాక ఊగుడు ఆగింది. అప్పటిదాకా ఎవరూ మాట్లాడలేదు.

కారణం మర్నాడు షెడ్డులో లెక్క వేస్తే తేలింది. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం దాని ముక్కు మీద, అంటే హిచ్ మీద పడాలి. మా క్యాంపర్ 900 కిలోలు, ముక్కు మీద 110. అంటే 12 శాతం, బాగానే ఉంది. కానీ స్కూటరు, ఫ్రేము కలిపి 125 కిలోలు, ఇరుసుకి 2.4 మీటర్లు వెనక వేలాడుతున్నాయి. ఇరుసు నుంచి ముక్కుకి దూరం 3 మీటర్లు. ఉయ్యాల బల్ల లెక్కే: 125ని 2.4తో గుణించి 3తో భాగిస్తే 100. వెనక వేలాడే ఆ బరువు ముక్కును 100 కిలోల మేర పైకి లేపేసింది. 110లో మిగిలింది 10. ముక్కు బరువు లేని ట్రైలర్ ఏ చిన్న గాలికైనా తోక ఊపుతుంది.

ఇప్పుడు అదే స్కూటరును రెండో ట్రైలర్ మీద పెడితే? ఆ ట్రైలర్ స్కూటరుతో కలిపి 300 కిలోలు అనుకోండి, దాని ముక్కు బరువు 35. ఆ 35 మాత్రమే క్యాంపర్ తోక మీద పడుతుంది, అదీ ఇరుసుకి 2 మీటర్ల వెనక. 35ని 2తో గుణించి 3తో భాగిస్తే 23. ముందు ముక్కు మీద ఇంకా 87 కిలోలు ఉంటాయి. ఫ్రేముకి వేలాడదీయడం కంటే ఇది నయమే. కానీ 87 అంటే 10 శాతానికి కిందే. పైగా ముందు బండి కొద్దిగా అటూ ఇటూ కదిలినా ఆ కదలిక చివరి ట్రైలర్‌కి చేరేసరికి పెద్దదవుతుంది. అందుకే వెనకది ఊగుతోందని వెనకదాన్నే రిపేరు చేయడం మొదలుపెట్టకండి. జబ్బు ఎక్కువగా మధ్యలో ఉన్న క్యాంపర్ ముక్కులో ఉంటుంది.

పరిష్కారం: సామాన్లు ముందుకి జరపండి. 40 కిలోల పెట్టెను ఇరుసుకి మీటరు వెనక నుంచి మీటరు ముందుకి మారిస్తే ముక్కు మీద సుమారు 27 కిలోలు పెరుగుతాయి. మా 87 కాస్తా 114 అవుతుంది. నీళ్ల ట్యాంకు వెనక ఉంటే దాన్ని ఖాళీగా ఉంచండి. మొత్తం బరువు కాటాలో తెలుస్తుంది. ముక్కు బరువుకి మనం ఇంట్లో ఎక్కి చూసుకునే బరువు మిషను చాలు. దాని మీద హిచ్ ఎత్తుకి సరిపడా కర్రముక్క నిలబెట్టి, ట్రైలర్‌ని సమంగా ఉంచి, కప్లర్‌ని (ట్రైలర్ ముక్కుకి ఉండే, బాల్ మీద కూర్చునే కప్పుని) ఆ కర్ర మీదికి దించండి. ముందు క్యాంపర్ ఒక్కదాన్నీ, తర్వాత వెనకది తగిలించాక మళ్లీ చూడండి. రెండోసారి చూడకపోతే మొదటిసారి చూసి లాభం లేదు. మీ కారు, హిచ్ ఎంత ముక్కు బరువు మోయగలవో మాన్యువల్లో ఉంటుంది, అది దాటకూడదు.

రెండో హిచ్‌ని క్యాంపర్ బంపర్‌కి వెల్డింగ్ చేయించొద్దు. చాసిస్ పొడవు దూలాలు రెంటికీ అడ్డంగా బీము వేసి, దానికి బోల్టులతో బిగించాలి.

సమస్య: ఆపి చూస్తే చక్రం మధ్యలో కాలిపోతోంది

ఆగిన ప్రతిచోటా ప్రతి హబ్ మీదా చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. మూడు నాలుగు సెకన్లు చెయ్యి ఉంచలేకపోతే ఏదో తేడా ఉంది. కుడి ఎడమలు పోల్చండి. రెండూ ఒకేలా వేడిగా ఉంటే బ్రేకులు పట్టి ఉంచుతున్నాయేమో చూడాలి. ఒక్కటే కాలుతుంటే బేరింగ్ అయినా కావచ్చు, ఆ ఒక్క చక్రం బ్రేకు పట్టేసి అయినా కావచ్చు. జాకీ వేసి చక్రం తిప్పండి. గరగరమంటే బేరింగ్, బరువుగా తిరిగి వెంటనే ఆగితే బ్రేకు.

పడవ ట్రైలర్లకి ఉప్పునీళ్ల బెడద వేరే. భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోట పడవ దించడానికి ఒకాయన ట్రైలర్‌ని నేరుగా నీళ్లలోకి తోసేవారు. హైవే మీద నడిచి వచ్చిన హబ్ వేడిగా ఉంటుంది. చల్లటి నీళ్లలో మునగ్గానే లోపలి గాలి కుంచించుకుపోయి, ఆయిల్ సీల్ సందుల్లోంచి ఉప్పునీటిని పీల్చుకుంటుంది. మూడు నెలల తర్వాత ఆయన షెడ్డుకి తెస్తే నేనే హబ్ టోపీ ఊడదీశాను. ఎర్రగా ఉండాల్సిన గ్రీజు చిక్కటి మజ్జిగలా తెల్లగా ఉంది. వేలితో తీస్తే కింద రోలర్ల మీద గోధుమ రంగు మచ్చలు, గోరుతో గీరితే గుంటలు తగులుతున్నాయి.

పరిష్కారం: అలాంటి బేరింగ్‌ని కడిగి వాడొద్దు. బేరింగ్, అది కూర్చునే కప్పు, సీల్ మూడూ మార్చండి. గ్రీజును పైపైన పూయడం కాదు, అరచేతిలో వేసుకుని రోలర్ల మధ్యలోకి ఎక్కేదాకా అదమాలి. నట్ బిగించేటప్పుడు చక్రం తిప్పుతూ బిగించి, తర్వాత కొద్దిగా వదిలి, పిన్ను పట్టే దగ్గరి కన్నంలో ఆపండి. మరీ బిగిస్తే బేరింగ్ ఆ బిగుతుకే వేడెక్కి పోతుంది. ఇక పడవ దించేముందు అరగంట ఆగి హబ్‌లు చల్లారనివ్వండి. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడగండి. బీచ్ రోడ్డు దగ్గర ఇల్లున్నవాళ్లు ట్రైలర్ నీళ్లలో దించకపోయినా ఏడాదికోసారి హబ్ విప్పి చూడటం మంచిది.

సమస్య: ఘాట్ దిగుతుంటే కాలిన వాసన, బ్రేకు మెత్తబడటం

చిన్న ట్రైలర్లకి ఎక్కువగా ఉండేది తోపుడు బ్రేకు. బండి నెమ్మదించినప్పుడు ట్రైలర్ ముందుకి తోసుకొస్తుంది, ఆ తోపుకే దాని బ్రేకు పడుతుంది. చదును రోడ్డు మీద ఇది చక్కగా పనిచేస్తుంది. అరకు నుంచి దిగుతూ గాలికొండ, అనంతగిరి, టైడా దాటేదాకా దిగుడే దిగుడు కాబట్టి ట్రైలర్ తోస్తూనే ఉంటుంది, బ్రేకు పడే ఉంటుంది. డ్రమ్ము వేడెక్కి లైనింగ్ పట్టు తప్పుతుంది. వెనక బ్రేకులేని రెండోది కూడా ఉంటే ఆ బరువంతా క్యాంపర్ బ్రేకులూ కారు బ్రేకులే మోయాలి.

దిగడం మొదలయ్యే ముందే గేరు తగ్గించండి, మధ్యలో కాదు. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, గట్టిగా తొక్కి స్పీడు బాగా తగ్గించి వదిలేయండి. మళ్లీ పెరిగాక మళ్లీ తొక్కండి. వాసన వస్తే వెడల్పున్న చోట పక్కకి ఆపి అరగంట కూర్చోండి. వేడి డ్రమ్ము మీద నీళ్లు పోయకండి, పగులుతుంది. నా మాట వింటే ఘాట్‌కి రెండోదాన్ని తీసుకెళ్లనే వద్దు. మేము శృంగవరపుకోటలో మా పిన్నిగారి పెరట్లో వదిలేసి పైకి వెళ్తాం, తిరుగుదారిలో తెచ్చుకుంటాం.

సమస్య: బ్రేకు తొక్కితే ఇండికేటర్ వెలుగుతోంది, లైట్లు మసగ్గా ఉన్నాయి

మేనల్లుడు ఓ రాత్రి వీడియో కాల్ చేసి, “మావయ్యా, బల్బులన్నీ మార్చాను, అయినా ఇంతే” అన్నాడు. బల్బు కాదురా, ఎర్త్ చూడు అన్నాను. ఎర్త్ అంటే కరెంటు వెనక్కి తిరిగి వెళ్లే దారి. అది సరిగా లేకపోతే కరెంటు వేరే బల్బు గుండా దారి వెతుక్కుంటుంది, అందుకే సంబంధం లేని లైటు వెలుగుతుంది. చాలామంది హిచ్ బాల్ ఇనుమే కదా, ఎర్త్ దానిగుండా వస్తుందిలే అనుకుంటారు. బాల్‌కి గ్రీజు, తుప్పు అడ్డం. రెండు ట్రైలర్లంటే రెండు బాల్స్. సాకెట్ ఎర్త్ పిన్ను నుంచి చిట్టచివరి లైటు దాకా విడిగా లావు తీగ లాగండి. ఏడు పిన్నుల సాకెట్ ఐఎస్ఓ పద్ధతిలో కట్టి ఉంటే మూడో పిన్ను ఎర్త్, తీగ తెలుపు. అయినా మన దగ్గర ఎవరి చేతికి ఏ తీగ దొరికితే అది కట్టేస్తారు కాబట్టి రంగుని నమ్మకుండా టెస్ట్ ల్యాంప్ పెట్టి చూడండి. లైట్లు ఎల్ఈడీకి మారిస్తే లోడ్ తగ్గి, అంత పొడవు తీగలోనూ వెలుగు నిలుస్తుంది. సాకెట్ లోపలి పిన్నుల మీద పచ్చటి పొడి కనిపిస్తే అది ఉప్పుగాలి పని. గరుకు కాగితంతో రుద్ది కొద్దిగా వ్యాజిలీన్ రాయండి.

సమస్య: గేరు మార్చినప్పుడల్లా వెనక టక్ అంటోంది

బాల్ సైజు తేడా. 50 మిల్లీమీటర్ల బాల్ మీద 2 అంగుళాల కప్లర్ పెడితే 0.8 మిల్లీమీటర్ల సందు ఉంటుంది, ఆ సందే చప్పుడు. రెండూ కంటికి ఒకేలా కనిపిస్తాయి, అందుకే వెర్నియర్ కొలబద్దతో కొలవాలి. సైజు సరిపోయినా టక్ అంటుంటే కప్లర్ లోపలి దవడ అరిగింది, మార్చేయండి. సేఫ్టీ చైన్లు కప్లర్ కింద ఒకదానికొకటి అడ్డంగా వేయండి. కప్లర్ ఊడితే ముక్కు రోడ్డుకి తగలకుండా ఆ చైన్ల మీద ఆగుతుంది.

సమస్య: టైరు ఒక అంచే అరుగుతోంది

బరువు ఎక్కువై ఇరుసు వంగింది, లేదా అమర్చడమే వంకరగా అమర్చారు. గాలి తేడా అయితే రెండు అంచులో, మధ్య భాగమో అరుగుతుంది, ఒక్క అంచు కాదు.

సమస్య: మలుపులో గట్టుకి తగలడం, రివర్స్ రాకపోవడం

వెనకది ముందుదానికంటే లోపలికి కోసుకుపోతుంది. ఎడమ మలుపులో ఫుట్‌పాత్‌నీ, కుడి మలుపులో డివైడర్‌నీ ముందు తాకేది దాని చక్రమే, అద్దంలో అది కనపడదు కూడా. ఎన్ఏడీ జంక్షన్ లాంటి చోట ఎంత స్థలం ఉన్నా బయటి వరుసలోంచే తిరగండి. రివర్స్ విషయానికొస్తే, రెండు ట్రైలర్లని వెనక్కి నడిపించడం అయ్యే పని కాదు, రెండు గజాల్లోనే మడత పడతాయి. మడతపడేదాకా ఆగకుండా దిగి, చక్రాల కింద రాళ్లు పెట్టి, వెనకదాన్ని విప్పి, దాని ముందరి చిన్న చక్రం మీద ఇద్దరు చేత్తో తోసుకోండి. పెట్రోలు బంకులో కూడా ఇటు దూరి అటు నేరుగా బయటపడే వీలుంటేనే లోపలికి వెళ్లండి. లేదంటే తర్వాతి బంకు దాకా ఆగండి, అందుకని ట్యాంకు సగానికి రాగానే నింపుకోండి.